అత్తమ్మ కంట్లో ఉప్పు

మా అత్తమ్మ పేరు సంతోషమ్మ. ఆ పేరు పెట్టినవాళ్ళు ఇప్పుడు వచ్చి ఆమె ముఖం చూస్తే నాలుక కరుచుకుంటారు. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఆమె కళ్ళు కారుతూనే ఉంటాయి. చీపురు పట్టినా కారతాయి, పొయ్యి ముట్టించినా కారతాయి. సాయంత్రం గడప మీద కూర్చుని గాలికి ముఖం పెట్టిందంటే ఇక చెప్పనక్కర్లేదు. కొంగుతో తుడుచుకుంటుంది, మళ్ళీ కారతాయి, మళ్ళీ తుడుచుకుంటుంది. "పాడు కండ్లు, పాడు కండ్లు" అని తిట్టుకుంటుంది.

అది ఏడుపు కాదని నాకు తెలుసు. తాండూరులో మా గల్లీకి మాత్రం తెలియదు. మా గల్లీలో ఏ ఇంట్లోనైనా అత్త కన్ను తడిసిందంటే దానికి కారణం కోడలే. సాక్ష్యం అడిగేవాళ్ళు లేరు, విచారణ లేదు, నేరుగా శిక్షే. మా పక్కింటి కొండమ్మ ఈ కోర్టుకు జడ్జి. రోజూ సాయంత్రం ఆమె మా గోడ మీద మోచేతులు ఆనించి అడిగేది.

"ఏమైంది సంతోషమ్మా, మల్ల ఏడుస్తున్నవా?"

"ఏడుస్తలేనే. ఉత్తగనే కారుతున్నయ్."

"ఉత్తగ ఎవలి కండ్లు కారుతయే? కోడలేమన్న అన్నదా?"

"ఏమన్లే."

ఆ 'ఏమన్లే' నా కొంప ముంచింది. తడి కళ్ళతో ఏమనలేదని చెప్పారంటే ఏదో పెద్ద మాటే అన్నట్టు లెక్క మా దగ్గర. లోపల బ్లౌజులు కుడుతున్న నాకు ఒళ్ళు మండిపోయేది. బయటికొచ్చి నాలుగు మాటలు అడుగుదామంటే 'చూసినవా, నోరెంత పెద్దదో' అంటారు. ఊరుకుంటే 'తప్పు చేసినదానికి నోరెట్ల లేస్తది' అంటారు. మిషన్ చక్రం గట్టిగా తిప్పుతూ కూర్చునేదాన్ని.

చర్చిలో మళ్ళీ తీరు వేరు. ఆదివారం ప్రార్థనలో అత్తమ్మ చేతులు జోడించి కూర్చుంటే కళ్ళవెంట ధారలు. ఒకసారి పాస్టరమ్మ అందరి ముందూ "సంతోషమ్మక్కను చూడండి, ప్రార్థన అంటే అట్లా కరిగిపోవాలి" అంది. ఇంటికొచ్చేదాకా అత్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "నేను కూరల కారం ఎక్కువైందేమో అని ఆలోచిస్తుంటి బిడ్డా. దేవుడు మాఫ్ చెయ్యాలె" అంది. ఒకే నీళ్ళు. చర్చిలో ఆమెకు పేరు తెచ్చాయి, గల్లీలో నాకు తిట్లు తెచ్చాయి.

అది ఏడుపు కాదని నాకెట్లా తెలుసంటే, ఆమె ఏడవగా నేను ఒకసారి చూశాను. మాది మోమిన్‌పేట్. నేను ఇంటర్‌లో ఉండగానే అమ్మ పోయింది. నాన్న జంగప్ప కూలికి పోతూ నన్ను డిగ్రీ దాకా చదివించాడు. పెళ్ళయి తాండూరు వచ్చిన కొత్తలో నాకు జ్వరం వచ్చింది. అత్తమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే, ఒంటి మీద తెలివి లేక, "అమ్మా" అన్నాను. ఆమె చెయ్యి ఆగిపోయింది. కింది పెదవిని పళ్ళ కింద నొక్కిపెట్టి, లేచి, పెరట్లోకి పోయి చాలాసేపు అక్కడే నిలబడింది. తుడుచుకోలేదు, తిట్టుకోలేదు. సంతోషమ్మ ఏడవడమంటే అదీ. కొంగుతో కళ్ళు రుద్దుకుంటూ 'పాడు కండ్లు' అనడం ఏడుపు కాదు.

ఆమె బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. నేను పుట్టకముందు నుంచీ అదే పని. కోసిన నాపరాళ్ళు మోసుకొచ్చి పేర్చడం, పాలిష్ అయినవాటిని కడిగి ఆరబెట్టడం. తాండూరు ఎండ, రాతి దుమ్ము, లారీల గాలి. పొద్దున పోయేటప్పుడు నేను పెద్ద బాటిల్ నిండా నీళ్ళు పోసి ఇచ్చేదాన్ని. సాయంత్రం ఆ బాటిల్ నిండుగానే తిరిగొచ్చేది. అక్కడి బోరు నీళ్ళు నింపుకొస్తుంది కాబోలు అనుకునేదాన్ని.

మా ఆయన చంద్రకాంత్ బండల లారీ మీద డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్ల మీదే. అతనికి అక్క ఒకామె ఉంది, జ్యోతి వదిన. బషీరాబాద్‌లో ఇచ్చారు. మనసు వెన్న, నోరు మాత్రం రంపం. కోపం ఎక్కువైతే ఆమెకు తెలుగు చాలదు, సరిహద్దు అవతలి కన్నడం కూడా కావాలి. ఈ అక్టోబరులో ఒకరోజు తల్లిని చూద్దామని వచ్చి, మా గడప ఎక్కకముందే కొండమ్మ నోట్లో పడింది. లోపలికి వచ్చేసరికి వదిన ముఖం కందగడ్డ.

"మా అవ్వను దినాం ఏడిపిస్తున్నవట గదా?"

"నేనెందుకు ఏడిపిస్త వదినా?" అన్నాను.

"సుమ్నిరు!" అని అరిచింది. నోరు మూసుకోమని. "ఊరంత జూస్తున్నది. అందరూ అబద్ధమాడుతరా?"

"ఏడుస్తలేనే పోరీ!" అని అత్తమ్మ అడ్డం వచ్చింది. వచ్చింది గాని, అప్పుడే పొయ్యి దగ్గరి నుంచి లేచిందేమో, రెండు కళ్ళూ ధారలు కట్టాయి. "నిజంగనే ఏడుస్తలే. దీన్ని ఏమనకు, ఇది నా బిడ్డ అసొంటిది" అంటూ కొంగుతో తుడుచుకుంటోంది. ఆమె ఎంత వద్దంటే అంత కారుతున్నాయి. అది చూసి వదిన తానూ ఏడ్చేసింది.

"భయపడి జెప్తలేదు. నాకెర్కనే. అవ్వా, నువ్వు నా దగ్గరికి రా. నేను సాదుకుంట. దీని కింద పడి చావాల్సిన కర్మ నీకేంది?"

"నేను రాను."

"జాతర్ల పెద్దమనుషుల ముంగట తేలుద్దాం. భాగ్యా, నీ అయ్యను గూడ రమ్మను. జాతర అయినంక అవ్వ నాతోనే వస్తది."

మా వాళ్ళలో ఏ తగువైనా ధారూరు క్రైస్తవ జాతరలోనే తెగుతుంది. నవంబరులో అందరూ వంటగిన్నెలు, దుప్పట్లు సర్దుకుని అక్కడికి చేరుతారు. డేరాలు వేసుకుని అక్కడే వండుకుని, అక్కడే పడుకుని, ప్రార్థనలు చేసుకుని, సందు దొరికినప్పుడు సంబంధాలు మాట్లాడుకుని, పాత పగలు తీర్చుకుంటారు. మోమిన్‌పేట్ నుంచి మా నాన్న, బషీరాబాద్ నుంచి వదిన, ఇద్దరూ ప్రతి ఏడూ వచ్చేవాళ్ళే. కాబట్టి వదిన మాట ఉత్త బెదిరింపు కాదు.

ఆ రాత్రి నాకు భయమేసింది. తిట్లు పడటం నాకు కొత్త కాదు, ఎదురు తిట్టగలను కూడా. కానీ ఆమె వెళ్ళిపోతే? పొద్దున నా జడ చిక్కు తీసేది ఆమె. నేను కుట్టిన జాకెట్టు చూసి 'చంక కాడ బిర్రైంది, ఇప్పు' అనేది ఆమె. నాకు మిగిలిన అమ్మ ఆమె ఒక్కతే. అమ్మను ఇంకోసారి పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

అందుకే మరుసటి వారం ఆమెను రైలెక్కించి వికారాబాద్ తీసుకుపోయాను. కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుదే. అత్తమ్మ కళ్ళలోకి లైటు వేసి చూసింది. తర్వాత మత్తు చుక్కలు వేసి, రెండు సన్నని కాగితం పట్టీలు తెచ్చి కింది రెప్పల చివర తగిలించి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోమంది. పట్టీలు తడిసి కిందికి కారతాయేమోనని నేను చేతిరుమాలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. డాక్టరమ్మ వాటిని తీసి చూపించింది. కొస మాత్రం కాస్త చెమ్మగా ఉంది, మిగతాదంతా పొడి.

"వీళ్ళ కళ్ళల్లో నీళ్ళు ఎక్కువై కారట్లేదమ్మా. తక్కువై కారుతున్నాయి" అంది.

నేను ఆమె ముఖం చూశాను. వేళాకోళం ఆడుతున్నట్టు లేదు.

"కంటి మీద సన్నటి నీటి పొర ఉంటుంది. వీళ్ళకు అది పలచబడింది, తొందరగా ఆరిపోతోంది. నీళ్ళు ఆరితే ఉప్పు మిగులుతుంది కదా? ఎండాకాలం కుంట ఎండితే అంచున తెల్లగా తేలినట్టు. ఉన్న కాసిన్ని కన్నీళ్ళు ఉప్పగా చిక్కబడి కంటిని మండిస్తాయి. మంటకు తట్టుకోలేక కన్ను ఒక్కసారిగా బుడబుడా నీళ్ళు వదిలేస్తుంది. అవి కంట్లో నిలవవు, చెంప మీదికి జారిపోతాయి. కన్ను మళ్ళీ ఎండిపోతుంది. పట్నంలో అయితే ఒక్క కన్నీటి బొట్టుతో ఉప్పెంతుందో చెప్పే మిషన్ కూడా ఉంది. మాకు ఈ కాగితం చాలు."

చుక్కల మందు రాసిచ్చింది. గోరువెచ్చని గుడ్డతో రెప్పలకు కాపడం పెట్టమంది, గాలికి, దుమ్ముకు కళ్ళద్దాలు పెట్టుకోమంది, నీళ్ళు బాగా తాగమంది. అత్తమ్మ అన్నిటికీ బుద్ధిగా తలూపింది. నీళ్ళు తాగమని చెప్పని డాక్టరు ఎక్కడుంటాడు, తలూపని రోగి ఎక్కడుంటాడు?

బయటికొచ్చాక నాకు గాల్లో తేలినట్టుంది. రైలు తాండూరు చేరేలోపు ఆ కాగితం పట్టీ సంగతి గల్లీ మొత్తానికీ ఎట్లా చెప్పాలో మనసులో వంద రకాలుగా అనుకున్నాను. అత్తమ్మ కిటికీ పక్కన ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని తన లెక్క తాను తేల్చుకుంది. చివరికి అంది.

"గదా సంగతి. కండ్లల్ల ఉప్పు ఎక్కువైంది. నేను పప్పుల ఉప్పు జాస్తి తింట బిడ్డా, నీకెర్కనే గదా."

"డాక్టరమ్మ తిండి సంగతి ఏమీ చెప్పలేదు అత్తమ్మా."

"చెప్పాల్నా? ఉప్పు ఎక్కువైందని చెప్పినంక తినొద్దని మల్ల వేరే చెప్పాల్నా?"

నా డిగ్రీ కూడా దీనికి తలూపింది. మా వైపు ఏ రోగానికైనా మొదటి మందు పథ్యమే. కామెర్లొస్తే చప్పిడి, బాలింతైతే చప్పిడి, ఒళ్ళు వాస్తే చప్పిడి. అత్తమ్మ తీర్పు నా చెవికి కూడా న్యాయంగానే తోచింది. మరునాటి నుంచి ఆమెకు చిన్న గిన్నెలో వేరే వంట మొదలైంది. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని కూర, జొన్నరొట్టె.

తాండూరు కందిపప్పుకు ఎంత పేరుంటే ఏం, ఉప్పు లేకపోతే అదీ మన్నే. అత్తమ్మ రొట్టె తుంచి ముంచి నోట్లో పెట్టుకుని, మందు మింగినట్టు మింగేది. సగం తిని లేచేది. ఎండలో బండలు మోసే మనిషి. ఆమె ఎదురుగా కూర్చుని నేను ఉప్పూ కారం వేసుకుని కమ్మగా తింటుంటే నా గొంతులో ముద్ద దిగేది కాదు. రెండో రోజు నుంచి నా కంచంలో కూడా ఆ చిన్న గిన్నెలోదే వడ్డించుకున్నాను. ఇద్దరం కలిసి కూర్చుంటే ఆమె ఇంకో రొట్టె తినేది. నా కంచంలో నేను తర్వాత ఉప్పు కలుపుకుంటానని ఆమె అనుకుంది. నేనూ ఏమీ చెప్పలేదు. చంద్రకాంత్ లారీ దిగి వచ్చే వేళకు మా తిండి అయిపోయేది. అతనికి ఉప్పు వేసి పెట్టేదాన్ని.

చుక్కలతో మంట కొంచెం తగ్గింది, కారడం మాత్రం పూర్తిగా ఆగలేదు. అయినా కొండమ్మకు సంతోషంగా పోయి చెప్పాను, కంట్లో నీళ్ళు లేకనే నీళ్ళు కారుతున్నాయని. ఆమె పడీపడీ నవ్వింది.

"నీళ్ళు లేక నీళ్ళు కారుతయా? ఎండిన మా బోరుకు చెప్పు జర గీ మాట. నిప్పు లేనిదే పొగ రాదు పోరీ."

ఇక నాకు చెప్పాలన్న హుషారు చచ్చిపోయింది.

జాతరకు పోయాం. ధారూరులో ఈ ఏడు జనం విరగబడ్డారు. చెట్ల కింద డేరాకు డేరా ఆనుకుని ఉంది. నడిచే వాళ్ళ కాళ్ళ దుమ్ము, ప్రతి డేరా ముందూ కట్టెల పొయ్యి, ఎటు చూసినా పొగ. నా మొహానికి, మా పక్క డేరా కొండమ్మదే. ఆ పొగకు అత్తమ్మ కళ్ళు చెరువు తూము తీసినట్టయ్యాయి. వచ్చే పోయే ఆడవాళ్ళు ఆగి చూసి, ఆమె భుజం నిమిరి, నా వైపు ఒక చూపు విసిరి పోతున్నారు.

సాయంత్రం పెద్దమనుషులు కూర్చునే ముందు అందరం తిండికి కూర్చున్నాం. మా నాన్న ఒక మూల తువ్వాలు ఒళ్ళో వేసుకుని తల వంచుకుని ఉన్నాడు. బిడ్డ మీద పంచాయితీ అంటే తండ్రికి ముద్ద దిగుతుందా? చంద్రకాంత్ పొద్దున నుంచి అక్కకూ నాకూ మధ్య నలిగి, చివరికి నీళ్ళు తేవడమే మేలని బకెట్ పట్టుకుని తిరుగుతున్నాడు. జ్యోతి వదిన మటన్ వండింది. తల్లి కంచంలో వడ్డించబోతే అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు బిడ్డా. నాది భాగ్య వేరే వండింది."

"వేరే ఏంది?" అంటూ వదిన ఆ కంచంలోని పప్పును వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఆమె ముఖం మారిపోయింది. ఇంకోసారి తీసి నాకింది. తర్వాత ఆమె లేచి నిలబడిన తీరుకు పక్క డేరాల వాళ్ళు కూడా తల తిప్పారు.

"ఉప్పు లేదు! మా అవ్వకు ఉప్పు లేని కూడు పెడుతున్నదీమె! అందరూ ఇనుండ్రి! మేం గతి లేనోళ్ళమా? పిడికెడు ఉప్పుకు గూడ నోసుకోలేదా మా అవ్వ?"

"నేనే వద్దన్న" అంటోంది అత్తమ్మ. "నా కండ్లల్ల..." మాట పూర్తికాకముందే పొగ తిరిగి ముఖం మీదికి కొట్టింది, కళ్ళు బొటబొటా కారాయి. చుట్టూ చేరిన ఆడవాళ్ళు "అయ్యో, అయ్యో" అన్నారు. కొండమ్మ "నేను చెప్పలే?" అంది. మా నాన్న లేచి, ఏం చెయ్యాలో తెలియక, అందరికీ చేతులు జోడించాడు. ఆయన అట్లా చేతులు జోడించడం చూసి నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఎప్పుడూ వచ్చే కోపం ఆ పూట రాలేదు.

"కోడలేం తింటున్నదో చూస్తా ఆగు" అని వదిన వంగి నా కంచం లాక్కుంది. "అత్తకు చప్పిడి, తనకు మటనా?"

నా కంచంలో మటన్ లేదు. ఒక జొన్నరొట్టె, కాసింత పప్పు. వదిన ఆ పప్పు నోట్లో పెట్టుకుంది. మళ్ళీ రొట్టె తుంచి, ముంచి, మెల్లగా నమిలింది.

"దీంట్ల గూడ ఉప్పు లేదు" అంది. ఆ గొంతులో కోపం వెతుక్కుంటోంది, దొరకడం లేదు. "నీకేం రోగమే? నువ్వెందుకు తింటున్నవ్?"

"అత్తమ్మ ఒక్కతే ఎట్ల తింటది వదినా?" అన్నాను. "ఎదురుంగ కూసొని నేను ఉప్పేసుకొని తింటే ఆమెకు ముద్ద దిగతదా?"

అత్తమ్మ నా వైపు తిరిగింది. "ఎప్పటిసంది తింటున్నవే?"

"నీతోనే మొదలువెట్టిన."

"పిచ్చిదానా!" అని వీపు మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బ తగిలిన చోటనే చెయ్యి ఉంచేసింది, తీయలేదు.

జ్యోతి వదిన నేల మీద కూలబడింది. నేను అప్పుడు కాగితం పట్టీ సంగతి, ఎండిన కన్ను సంగతి, కంటి ఉప్పు సంగతి మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దమనుషుల కోసం పరిచిన జంపఖానా అట్లాగే ఖాళీగా ఉండిపోయింది. మా నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "మటన్ మంచిగైంది బిడ్డా" అని వదినతో అన్నాడు, ఇంకా తినకుండానే.

వదిన ఏదీ సగంలో వదిలే మనిషి కాదు. "రేపు నాకు గా డాక్టరమ్మను జూపియ్" అంది. ధారూరు నుంచి వికారాబాద్ ఎంత దూరమని? పొద్దున్నే ముగ్గురం రైలెక్కి పోయాం. చప్పిడి తిండి గురించి వినగానే డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"ఉప్పు మానమని నేనెప్పుడు చెప్పానమ్మా? నోట్లో ఉప్పు మానేస్తే కంట్లో ఉప్పు తగ్గదు. ఎండలో పనిచేసే మనిషి అట్లా ఒట్టి చప్పిడి తినకూడదు కూడా. నేను చెప్పింది నీళ్ళు తాగమని. తాగుతున్నారా?"

"తాగుత" అంది అత్తమ్మ.

"పని దగ్గర?"

అత్తమ్మ కొంగు అంచు చూసుకుంటూ కూర్చుంది. జవాబు వదిన చెప్పింది.

"తాగదు మేడం. ఆడ ఏ ఆడామె తాగదు. పెండ్లికి ముందు నేను గూడ ఆడ్నే పన్జేసిన. ఆడోళ్ళకు పోనీకె చాటు లేదు, చుట్టూ లారీలు, మొగోళ్ళు. పొద్దుగాల తాగితే పగటాల పరేషాన్. నాలుక తడుపుకొని సాయంత్రం దాక పట్టుకుంటం."

నిండుగా తిరిగొచ్చే బాటిల్ నా కళ్ళ ముందు నిలబడింది. అది బోరు నీళ్ళు కాదు. పొద్దున నేను పోసిన నీళ్ళే. ఇన్నాళ్ళూ ఆమె పక్కనే పడుకుని, ఆమె కంచంలోదే తిని, ఈ ఒక్కటి నాకు తెలియలేదు. నాకు ఎంత బాధ కలిగిందంటే డాక్టరమ్మ ముందే ఏడ్చేశాను.

"అదొక్కటే కారణం కాదు. వయసుంది, దుమ్ముంది, గాలి ఉంది" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "కానీ ఒంట్లో నీళ్ళు తక్కువైతే కన్నీళ్ళు ఇంకా చిక్కబడతాయి. చుక్కలు మానొద్దు. ఉప్పు తినండి. నీళ్ళు తాగండి."

తిరుగు రైల్లో ధారూరు దగ్గర పడుతుండగా వదిన నా మోచెయ్యి గిల్లింది.

"మా డేరా గుడ్డ పాతదైంది. మా తమ్ముడు, అదే, మీ ఆయన నాలుగు కట్టెలు పాతుతడు. నువ్వు మిషన్ మీద అంచులు కుట్టు. ఫ్యాక్టరీ వెనక మూలకు చాటు కడుదం. సేటుతోని నేను మాట్లాడుత."

"ఒప్పుకోకపోతే?"

"నాతోని మాట్లాడినంక ఒప్పుకోకుంట ఎట్లుంటడు?" అంది. అది నిజమే. ఆ నోరు మొదటిసారి నా వైపు నిలబడింది, సేటును తలచుకుంటే జాలేసింది.

"అంటే నన్ను తీస్కపోతలేవా?" అని అత్తమ్మ అడిగింది.

"నిన్నెవరు మోస్తరు? డేరా గుడ్డ తీస్కపోతున్నగ" అని వదిన ముఖం అటు తిప్పుకుంది.

మధ్యాహ్నం డేరాలో మళ్ళీ కంచాలు పరిచాం. అప్పటికే వదిన కంటి ఉప్పు కథను చుట్టుపక్కల డేరాలన్నిటికీ చెప్పి వచ్చింది. కొండమ్మకైతే రెండుసార్లు చెప్పింది, రెండోసారి కొంచెం గట్టిగా. రాత్రి మిగిలిన మటన్ వేడి చేశారు. కొత్త పప్పు దించారు. అత్తమ్మ ఉప్పు డబ్బా తెచ్చి తన ముందు పెట్టుకుంది. తన కంచంలో వేసుకుంటుందేమో అనుకున్నాను. వేళ్ళతో కాస్త తీసి నా పప్పు మీద చల్లింది. తనే కలిపింది. రొట్టె ముక్క తుంచి, ముంచి, నా నోటికి అందించింది.

ఇన్ని రోజుల తర్వాత ఉప్పు నాలుకకు తగిలేసరికి నా ఒళ్ళు ఝల్లుమంది. తింటూ ఆమె ముఖం చూశాను. చెంపల మీద నీళ్ళు. గాలి లేదు, పొయ్యి అప్పటికే ఆరిపోయింది.

పక్క డేరాలోంచి కొండమ్మ తొంగి చూసింది. "ఏమైంది సంతోషమ్మా?"

"ఏం లేదే" అంది అత్తమ్మ. "కండ్ల రోగం గదా. ఉప్పు ఎక్కువైంది."

"అవ్ అవ్, జ్యోతి జెప్పింది. జర చుక్కలేసుకో" అని కొండమ్మ మళ్ళీ తన ఉల్లిగడ్డల పనిలో పడింది. అక్కడున్న వాళ్ళందరూ అవునన్నట్టు తలలూపారు. ఇన్నాళ్ళూ నిజం చెబితే నమ్మని వాళ్ళు, ఆ ఒక్క అబద్ధాన్ని వెంటనే నమ్మేశారు.

అత్తమ్మ కొంగు ఎత్తలేదు. కళ్ళను తిట్టుకోలేదు. కింది పెదవి పళ్ళ కింద నొక్కిపెట్టి, ఇంకో ముద్ద కలుపుతోంది. చుక్కల సీసా నా సంచిలోనే ఉంది. నేను తీయలేదు.